కొత్త కారు గేర్‌బాక్సులో లోపం: డబ్బు వాపసు కోరవచ్చా?

ప్రశ్న: గేర్‌లెస్

నమస్కారం. కొత్తగా కొన్న కారు విషయంలో తెలిసినవారి సలహా కోసం రాస్తున్నాను. ఇది రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న పెట్రోలు కారు. డెలివరీ తీసుకున్న కొద్ది రోజులకే, ట్రాఫిక్‌లో నెమ్మదిగా సాగుతున్నప్పుడు కుదుపులివ్వడం మొదలుపెట్టింది. ఎత్తు మీద ఆగి, బ్రేకు మీద నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ నొక్కితే, ముందు కాస్త వెనక్కి జారి, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు ఉరుకుతోంది. కిందటి నెలలో ఫ్లైఓవర్ ఎక్కుతుండగా గేర్‌బాక్సు హెచ్చరిక దీపం వెలిగింది, ఆపైన ఎంత నొక్కినా వేగం పెరగలేదు. వెనుక లారీ హారన్ కొడుతుండగా హజార్డ్ లైట్లు వేసుకుని బండిని పక్కకు తీయవలసి వచ్చింది. ఇంజన్ ఆపి, కాసేపాగి స్టార్ట్ చేస్తే దీపం ఆరిపోయి, ఏమీ జరగనట్టే నడిచింది.

షోరూమ్ వారి వర్క్‌షాపుకు ఇప్పటికే పలుమార్లు తీసుకువెళ్లాను. ఒకసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశామన్నారు, ఇంకోసారి క్లచ్‌ను మళ్లీ సెట్ చేశామన్నారు, చివరిసారి "ఈ గేర్‌బాక్సు తీరే అంత సార్, నడపగా నడపగా మీకే అలవాటవుతుంది" అని చెప్పి పంపారు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని దూరప్రయాణం పెట్టుకోవడానికి ధైర్యం చాలడం లేదు. మరమ్మతుల మీద నమ్మకం పోయింది కాబట్టి కారు వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేయమని అడగాలనుకుంటున్నాను. చట్టప్రకారం అలా అడిగే హక్కు నాకుందా, ఉంటే షోరూమ్‌ను అడగాలా, తయారీ కంపెనీని అడగాలా? కొన్న కొత్తలో ముప్పై రోజుల్లోపు వాపసు ఇవ్వవచ్చని ఒకచోట చదివాను, అది మన దగ్గర వర్తిస్తుందా? కారు అప్పు మీద కొన్నాను. ఈ గొడవ తేలేదాకా వాయిదాలు ఆపివేయవచ్చని ఒక మిత్రుడు అంటున్నాడు, అది సరైనదేనా?

సమాధానం: ఫైలు గుమాస్తా

ముందుగా చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో జరిగే నష్టం వెంటనే జరుగుతుంది. వాయిదాలు ఆపకండి. బ్యాంకు మీకు అప్పు ఇచ్చింది, కారు అమ్మలేదు. కారులోని లోపం ఆ అప్పు ఒప్పందాన్ని ముట్టుకోదు. వాయిదా తప్పితే మీ క్రెడిట్ స్కోరు పడిపోవడమే కాక, తనఖాలో ఉన్న బండిని బ్యాంకు స్వాధీనం చేసుకునే ప్రమాదం కూడా ఉంది. అసలు సాక్ష్యమైన కారే మీ చేతిలో లేకపోతే ఇక కేసు దేని మీద నడుస్తుంది?

ఇక హక్కు సంగతి. మనకు వర్తించేది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. 2020 జూలైలో అమలులోకి వచ్చి 1986 నాటి పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. దీని 39వ సెక్షన్ కింద జిల్లా వినియోగదారుల కమిషన్, వస్తువులో లోపం ఉందని రుజువైతే, ఆ లోపాన్ని సరిచేయమని గానీ, లోపం లేని కొత్త వస్తువు ఇమ్మని గానీ, తీసుకున్న ధరను వడ్డీతో తిరిగి ఇమ్మని గానీ ఆదేశించవచ్చు. వీటికి తోడు నష్టపరిహారం కూడా ఇప్పించవచ్చు. అంటే డబ్బు వాపసు కోరే దారి చట్టంలో స్పష్టంగానే ఉంది. అయితే ఈ మూడింటిలో ఏది ఇవ్వాలన్నది కమిషన్ విచక్షణ, మన ఇష్టం కాదు. కొన్నప్పుడు ఇచ్చిన వారంటీ పుస్తకం తెరిచి చూస్తే, లోపమున్న భాగాన్ని బాగుచేస్తామని లేదా మారుస్తామని మాత్రమే రాసి ఉంటుంది, కారునే మారుస్తామని ఎక్కడా ఉండదు. 2006లో మారుతి ఉద్యోగ్ కంపెనీకి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఈ వారంటీ షరతునే పట్టుకుని, కారు మొత్తాన్ని మార్చి ఇవ్వాలన్న ఉత్తర్వు సమర్థనీయం కాదని చెప్పి, డబ్బు రూపంలో పరిహారం మాత్రం ఇప్పించింది. తయారీదారుల తరఫు వకీళ్లు ఈ తీర్పును ప్రతి కేసులోనూ చూపిస్తారు కాబట్టి, దాన్ని తట్టుకునేలా మీ ఫైలు ఉండాలి.

తట్టుకోవడం అంటే ఏమిటంటే, ఒక భాగం పాడైందని కాకుండా, ఎన్ని అవకాశాలు ఇచ్చినా ఆ లోపం పోలేదని, దానివల్ల కారు ప్రయాణానికి సురక్షితంగా లేదని చూపించాలి. దానికి ఆధారం మీ మాట కాదు, నిపుణుడి నివేదిక. పరీక్ష లేకుండా లోపం తేల్చడం కుదరనప్పుడు వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి, 45 రోజుల్లో నివేదిక తెప్పించుకునే ఏర్పాటు 38వ సెక్షన్‌లో ఉంది. ఈ పరీక్ష కోరుతూ ఫిర్యాదుతోపాటే ఒక దరఖాస్తు వేయండి. నేను చూసిన కార్ల కేసుల్లో ఎక్కువ భాగం ఓడిపోయింది లోపం లేక కాదు, నిపుణుడి నివేదిక అడగక.

ఎవరి మీద అన్న ప్రశ్నకు, ఇద్దరి మీదా అన్నదే జవాబు. షోరూమ్‌కూ తయారీ కంపెనీకీ మధ్య ఉండేది సాధారణంగా కొనుగోలుదారు, అమ్మకందారు సంబంధమే తప్ప ఏజెంటు సంబంధం కాదు. అందుకే ఒకరి తప్పు మరొకరి మీదకు తనంతట తాను పోదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఒక తీర్పులో, పాత సంవత్సరం బండిని కొత్త మోడల్‌గా అంటగట్టిన డీలరు బాధ్యుడే గాని, ఆ సంగతి తెలియని తయారీదారు బాధ్యుడు కాడని సుప్రీంకోర్టు తేల్చింది. మీ విషయంలో లోపం ఫ్యాక్టరీదైతే కంపెనీ, మరమ్మతులో నిర్లక్ష్యం ఉంటే డీలరు బాధ్యులవుతారు. ఒక్కరినే పార్టీగా చేర్చితే, వారు రెండోవారి వైపు వేలు చూపించి తప్పుకుంటారు.

కేసు వేసే గడువు కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాలు. కారుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు అయితే జిల్లా కమిషన్, అక్కడి నుంచి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. మీరు నివసించే చోటే వేసుకోవచ్చు, కారు వేరే ఊళ్లో కొన్నా ఫరవాలేదు. వకీలు తప్పనిసరి కాదు.

సమాధానం: వర్క్‌షాపు పాతకాపు

గుమాస్తా గారు కమిషన్ నుంచి మొదలుపెట్టారు, నేను సర్వీస్ కౌంటర్ నుంచి మొదలుపెడతాను. చాలాకాలం కౌంటరుకు అవతలి వైపు కూర్చున్నవాణ్ని కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో తెలుసు.

మీరు కారు ఇచ్చిన ప్రతిసారీ ఒక జాబ్‌కార్డు తెరుస్తారు. మీరు "ఎత్తు మీద వెనక్కి జారి ముందుకు ఉరుకుతోంది" అని చెబుతారు, సర్వీస్ అడ్వైజర్ అందులో "జనరల్ చెకప్" అనో, "కస్టమర్ గేర్ స్మూత్‌గా లేదంటున్నారు" అనో కొడతాడు. రేపు కమిషన్ ముందు కాగితం మాట్లాడేటప్పుడు మీ కుదుపు, మీ ఫ్లైఓవర్, మీ హెచ్చరిక దీపం ఎక్కడా కనిపించవు. ఇంతవరకు వచ్చిన జాబ్‌కార్డులన్నీ ముందు వేసుకుని, వాటిలో ఏముందో చదవండి. లోపం సరిగా రాయనివి ఉంటే, తేదీలు ఉటంకిస్తూ అసలు మీరు చెప్పిన ఫిర్యాదు ఏమిటో డీలరుకూ, కంపెనీ కస్టమర్ కేర్‌కూ ఈరోజే ఈమెయిల్ పంపండి. ఇకముందు మీ మాటల్లోనే రాయించి, చదివిన తర్వాతే సంతకం పెట్టండి. కారు తిరిగి ఇచ్చేటప్పుడు "పని సంతృప్తికరం" అన్న గడి దగ్గర సంతకం అడుగుతారు. లోపం పోయిందో లేదో నడిపి చూస్తే గాని తెలియదు కాబట్టి అక్కడ "పరీక్షించవలసి ఉంది, అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని చేత్తో రాసి, ఆ కాగితాన్ని ఫోటో తీసుకోండి.

రెండోది, ఇంకా ముఖ్యమైనది. హెచ్చరిక దీపం వెలిగిందంటే గేర్‌బాక్సును నడిపే కంప్యూటరులో ఒక ఫాల్ట్ కోడ్ నమోదైందన్నమాట. చాలా బండ్లలో ఆ క్షణాన వేగం, ఇంజన్ తిరుగుడు, ఉష్ణోగ్రత వంటి వివరాలు కూడా దానితోపాటు నిలుస్తాయి. టెక్నీషియన్ స్కానర్ తగిలించి మొదట చేసే పని కోడ్ చూడటం, రెండో పని దాన్ని చెరిపివేయడం. ఆ రెండింటి మధ్యలో మీరు అక్కడ ఉండాలి. చెరపకముందు ప్రింటు తీయించుకోండి, ఇవ్వబోమని వాళ్లంటే తెర మీద ఉన్నదాన్ని ఫోటో తీయండి. కొన్ని బండ్లలో బ్యాటరీ తీగ విప్పి పెట్టినా కోడ్‌లు పోతాయి, కాబట్టి లోపం వచ్చిన తర్వాత బయటి మెకానిక్ చేత బండి మీద చేయి వేయించకండి. హెచ్చరిక దీపం మళ్లీ వస్తే, పక్కన కూర్చున్నవాళ్ల చేత దీపమూ కిలోమీటర్ల అంకెలూ ఒకే ఫ్రేములో పడేలా వీడియో తీయించండి. మీరు నడుపుతూ తీయవద్దు.

షోరూమ్‌లో కాకుండా బయట వేయించిన కెమెరా, స్టీరియో, లైట్లు ఏవైనా ఉన్నాయా? వాటికోసం వైరింగ్ కోసి ఉంటే, కంపెనీ ఇంజనీరు మొట్టమొదట చూసేది అదే, నెపం అంతా దాని మీదికి పోతుంది.

ఇక నా అభిప్రాయం, ఇది గుమాస్తా గారికి నచ్చకపోవచ్చు. డబ్బు వాపసు అన్న పట్టు మొదటే పట్టవద్దు. రెండు క్లచ్‌ల గేర్‌బాక్సుల్లో, ముఖ్యంగా నూనెలో మునగని పొడి క్లచ్ రకంలో, నెమ్మది ట్రాఫిక్‌లో క్లచ్ పూర్తిగా పట్టుకోకుండా రాసుకుంటూ వేడెక్కడం ఆ అమరికలోనే ఉన్న బలహీనత. కొంత కుదుపు నిజంగానే మామూలు. కాని ఎత్తు మీద వెనక్కి జారడం, వేగం పెరగక నిలిచిపోవడం మామూలు కాదు. క్లచ్ జత గాని, దాన్ని కదిలించే యాక్చుయేటర్ గాని, కంట్రోల్ యూనిట్ గాని మార్చితే పోయే అవకాశం ఎక్కువ. అదే మోడల్ కొత్త కారును డీలరు దగ్గర టెస్ట్ డ్రైవ్‌కు అడిగి, సర్వీస్ మేనేజరును పక్కన కూర్చోబెట్టుకుని, అదే ఎత్తు మీద రెండు బండ్లూ నడిపి చూపించండి. "తీరే అంత" అన్న మాటకు అంతకంటే మంచి జవాబు లేదు. తేడా కనిపిస్తే కంపెనీ ప్రాంతీయ ఇంజనీరును పిలిపించమని, గేర్‌బాక్సు మొత్తం మార్చి దాని మీద పొడిగించిన వారంటీ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. కేసుల వెంట తిరగడం కంటే నడిచే కారు మేలు.

గేర్‌లెస్

ఇద్దరికీ కృతజ్ఞతలు. జాబ్‌కార్డులు తీసి చూశాను. పాతకాపు గారు చెప్పినట్టే ఉంది. ఒక్కదాంట్లో తప్ప మిగతా వాటిలో గేర్‌బాక్సు అన్న పదమే లేదు. తేదీలవారీగా ఈమెయిల్ పంపాను. బయట వేయించినవి ఏమీ లేవు. అయితే ఒక సందేహం మిగిలింది: గేర్‌బాక్సు మార్చడానికి నేను ఒప్పుకుంటే, ఆ తర్వాత డబ్బు వాపసు అడిగే హక్కు పోతుందా? ముప్పై రోజుల సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

సమాధానం: పొగమంచు

ముప్పై రోజుల మాట మా దేశానిది. నేను బ్రిటన్‌లో ఉంటాను. ఇక్కడ 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును మొదటి 30 రోజుల్లో తిరస్కరించి పూర్తి ధర వెనక్కి తీసుకోవచ్చు. ఆ గడువు దాటితే అమ్మినవారికి మరమ్మతుకో మార్పిడికో ఒక అవకాశం ఇవ్వాలి. అదీ విఫలమైతే అప్పుడు తిరస్కరించవచ్చు, కాని కారు విషయంలో అప్పటిదాకా వాడుకున్నందుకు కొంత సొమ్ము కోయడానికి చట్టం ఒప్పుకుంటుంది. అమెరికాలో వీటిని లెమన్ చట్టాలంటారు. కనెక్టికట్ 1982లో ఇలాంటి చట్టం చేశాక మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. ఒకే లోపానికి ఇన్నిసార్లు మరమ్మతు, లేదా మొత్తం ఇన్ని రోజులు వర్క్‌షాపులో అని ఒక లెక్క ఉంటుంది, అది దాటితే కంపెనీ కారు వెనక్కి తీసుకోవాలి. భారతదేశంలో కార్లకు ప్రత్యేకంగా అలాంటి అంకె పెట్టిన చట్టం లేదు. అక్కడివాళ్లు ఇంటర్నెట్‌లో మా నిబంధనలు చదివి షోరూమ్‌లో వాదించడం, సేల్స్‌వాళ్లు నవ్వుకోవడం జరుగుతూనే ఉంటుంది. తప్పు చదివినవారిది కాదు, ఏ దేశం గురించో చెప్పకుండా రాసినవారిది.

సమాధానం: ఫైలు గుమాస్తా

గేర్‌లెస్ గారూ, మరమ్మతుకు ఒప్పుకున్నంత మాత్రాన హక్కు పోదు. పైగా పాతకాపు గారితో నాకు విభేదం ఉన్నది ఎక్కడ ఆగాలన్న దాని గురించే గాని, ఎక్కడ మొదలుపెట్టాలన్న దాని గురించి కాదు. గేర్‌బాక్సు మార్చనివ్వండి. కాని దానికి ముందు "ఈ మార్పు నా ఇతర హక్కులకు భంగం లేకుండా అంగీకరిస్తున్నాను, లోపం మళ్లీ వస్తే ధర వాపసు కోరతాను" అని ఈమెయిల్‌లో రాసి పంపండి. పరిష్కారం అయిపోయిందని, ఇక ఏ క్లెయిమూ లేదని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టవద్దు. గుడ్‌విల్ పేరుతో ఉచిత సర్వీసులిచ్చి అలాంటి కాగితాలు చేయించుకోవడం కద్దు. మార్చిన తర్వాత కూడా అదే లోపం వచ్చిందంటే, వారంటీలోని భాగం మార్చే మార్గం కూడా విఫలమైందని మీరే కాగితం మీద నిరూపించినట్టు. 2006 తీర్పుకు జవాబు అక్కడ దొరుకుతుంది.

2019 చట్టంలోని కొత్త సెక్షన్లు చదివి కొందరు ప్రాడక్ట్ లయబిలిటీ, అంటే లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత, కింద కేసు వేయమంటారు. అది మీకు పనికిరాదు. ఆ అధ్యాయంలో "హాని" అంటే మనిషికో ఇతర ఆస్తికో జరిగినది. లోపమున్న వస్తువుకే కలిగిన నష్టాన్ని అందులోంచి మినహాయించారు. అలాగే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఎ సెక్షన్ గురించి కూడా వింటారు. ప్రభుత్వం రీకాల్‌కు, అంటే లోపమున్న రకం బండ్లను కంపెనీ వెనక్కి పిలిపించడానికి, ఆదేశిస్తే తయారీదారు పూర్తి ధర చెల్లించడం లేదా వేరే వాహనం ఇవ్వడం వంటి బాధ్యతలు అందులో ఉన్నాయి. కాని అది అనేకమంది నుంచి ఫిర్యాదులు వచ్చినప్పుడు కదిలే యంత్రాంగం, ఒక్క కారు కోసం కదలదు. మీ మోడల్‌కు ఇదే లోపం మీద రీకాల్ ఏదైనా ప్రకటించారేమో చూసుకోండి. ఉంటే అది తయారీ లోపానికి గట్టి ఆధారం.

అడిగే తీరు గురించి ఒక మాట. ఫిర్యాదులో ధర వాపసు ఒక్కటే కోరితే, కమిషన్ అంత దూరం వెళ్లదలచుకోనప్పుడు మీకు ఇవ్వడానికి ఏమీ మిగలదు. ధర వడ్డీతో వాపసు, అది కాకుంటే కొత్త కారు, అదీ కాకుంటే గేర్‌బాక్సు మార్పిడితో పాటు పొడిగించిన వారంటీ అని వరుసగా కోరండి. రోడ్ టాక్స్, బీమా, అప్పు మీద కట్టిన వడ్డీ, బండి వర్క్‌షాపులో ఉన్న రోజుల్లో క్యాబ్‌లకు పెట్టిన ఖర్చు, ఇవన్నీ కారు ధరలో కలవవు. విడివిడిగా, రసీదులతో అడగాలి.

సమాధానం: కంపెనీ కారు

చర్చకు అడ్డు వస్తున్నందుకు మన్నించాలి. ఇలాంటి ఇబ్బందే నాదీ, కాని కారు మా ప్రైవేట్ లిమిటెడ్ సంస్థ పేరు మీద ఉంది. వాణిజ్య అవసరానికి కొన్నవారు వినియోగదారులు కారని షోరూమ్ వారు చెబుతున్నారు.

సమాధానం: ఫైలు గుమాస్తా

సంస్థ పేరు మీద ఉన్నంత మాత్రాన వాణిజ్య అవసరం అయిపోదు; దేనికి వాడుతున్నారన్నది చూడాలి. డైరెక్టరు వాడకం కోసం కంపెనీ కొన్న కారు విషయంలో, కారుకూ సంస్థ లాభార్జనకూ నేరుగా ముడి లేనప్పుడు ఆ కంపెనీ కూడా వినియోగదారే అవుతుందని 2024 జూలైలో సుప్రీంకోర్టు ఒక జర్మన్ లగ్జరీ కార్ల కేసులో చెప్పింది. కిరాయిలకు తిప్పే బండ్ల సంగతి వేరు. అయినా స్వయంఉపాధితో బతుకుతెరువు కోసమే నడుపుకునే వ్యక్తికి చట్టంలోనే మినహాయింపు ఉంది.

సమాధానం: తిరిగిచ్చినవాడు

వాపసు దాకా వెళ్లిన కొద్దిమందిలో నేనొకణ్ని, కాబట్టి ఆ చివర ఎలా ఉంటుందో చెబుతాను. పరీక్ష అవసరం లేని ఫిర్యాదును 3 నెలల్లో, అవసరమైనదాన్ని 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆ గడువును నమ్ముకుని ఏ ఏర్పాట్లూ చేసుకోవద్దు. జిల్లా కమిషన్‌లో గెలిచినా, అవతలివారు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వేయవచ్చు, అయితే ఆదేశించిన సొమ్ములో సగం ముందుగా జమ చేయాలి. ఈ జమ నిబంధన వల్ల రాజీ మాటలు మొదలవుతాయి. 2009లో కొన్న ఒక ఖరీదైన కారు వివాదం 2024లో సుప్రీంకోర్టు 50 లక్షల రూపాయలు చెల్లించమనడంతో ముగిసింది. అందులో మధ్యలోనే కంపెనీ కొత్త కారు ఇస్తానంటే కొన్నవారు వద్దన్నారు. వారి కారణాలు వారివి గాని, నేనైతే తీసుకునేవాణ్ని.

ఈ కాలమంతా కారును ఏం చేయాలన్నది ఎవరూ చెప్పని చిక్కు. తెగ నడిపితే "ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగిన కారు లోపభూయిష్టం ఎలా అవుతుంది" అంటారు. వర్క్‌షాపులో వదిలేస్తే పార్కింగ్ ఛార్జీల నోటీసు వస్తుంది. నేను కిలోమీటర్ల అంకె ఫోటో తీసి, భద్రతా కారణాల వల్ల వాడటం తగ్గించానని డీలరుకు రాసి, ఇంట్లోనే పెట్టాను. బీమా మాత్రం ఆపలేదు. నడవని కారు బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు చదునవుతాయి, దాన్ని కూడా మీ నిర్లక్ష్యంగా చూపిస్తారు కాబట్టి అప్పుడప్పుడు స్టార్ట్ చేసి కదపాలి.

రాజీ కుదిరి డబ్బు వచ్చేటప్పుడు అప్పు లెక్క కూడా అందులో పడుతుంది. బాకీ మొత్తం నేరుగా బ్యాంకుకు, మిగతాది మీకు అని రాతలో ఉండాలి. బ్యాంకు ఇచ్చే నిరభ్యంతర పత్రంతో, ఫారం 35 మీద ఆర్‌సీలోని తనఖా తీయించి, ఆ తర్వాతే యాజమాన్యం మార్పు కాగితాల మీద సంతకాలు పెట్టాలి. కారు అప్పగించాక ఆర్‌సీ మీ పేరు నుంచి మారిందో లేదో మీరే వెబ్‌సైటులో చూసుకోండి. డబ్బు చేతికొచ్చిన సంతోషంలో ఆ పని వదిలేస్తే, ఎవరో నడిపిన కారుకు పడ్డ చలానాలు మీ పేరు మీదే వస్తాయి.

గేర్‌లెస్

ధన్యవాదాలు. కంపెనీ కస్టమర్ కేర్ నుంచి ఈరోజు జవాబు వచ్చింది: ప్రాంతీయ ఇంజనీరు వచ్చేవారం చూస్తారట. ఈలోపు బండిని వర్క్‌షాపులో వదిలి వెళ్లమంటున్నారు. వదలవచ్చా?

సమాధానం: వర్క్‌షాపు పాతకాపు

వదలవద్దు. ఇంజనీరు వచ్చే రోజు, వేళ ఈమెయిల్‌లో అడిగి, ఆ వేళకే తీసుకువెళ్లండి. స్కానర్ ఆయన చేత, మీ ఎదుటే తగిలించమనండి.